వార్డెన్ సంతకం: ఖమ్మం మన్యం నుంచి కిరండూల్ దాకా ఒక టీకా చరిత్ర

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమలను సొరంగాలతో తొలుచుకుంటూ పోయే రైలు మార్గం మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు చేరవేయడానికి 1960లలో దాన్ని నిర్మించారు. ప్రయాణికుల బండి ఆ తరువాతి మాట. ఇప్పుడు ఖనిజం రైలులోనే కాక ముద్దగా మారి గొట్టపు మార్గంలో కూడా విశాఖకు ప్రవహిస్తున్నది. ఆ గనులను నడిపే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. కిరండూల్ బజారులో తెలుగు వినబడటానికి కారణం వెతకనక్కరలేదు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పనికోసం వెళ్లి రెండు మూడు తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. పెద్ద జబ్బు చేస్తే ఆ కుటుంబాలు చూసే దిక్కు రాయపూర్ ఎంతో, విశాఖ కూడా అంతే.

గని పట్టణాల చరిత్రను టన్నుల్లో రాయడం మనకు అలవాటు. కిరండూల్, బచేలీల తొలినాళ్ల చరిత్రలో టన్నులకు అందని అధ్యాయం ఒకటి ఉంది. 1960ల చివర బస్తర్ కలెక్టరుగా పనిచేసిన బ్రహ్మదేవ్ శర్మ, గనుల పనికి బయటి నుంచి వచ్చిన పురుషులు ఆదివాసీ యువతులను లోబరచుకొని వదిలేస్తున్న తీరుపై విచారణ జరిపించారు. బాధ్యులైన ఉద్యోగుల చేత, వారిలో అధికారులు కూడా ఉండగా, ఆ యువతులకు తాళి కట్టించారు. అలా మూడు వందలకు పైగా పెళ్లిళ్లు జరిగాయని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు. ఆ పెళ్లిళ్లు ఎన్ని నిలిచాయన్నది వేరే ప్రశ్న. బైలదిల్లాలో ఆదివాసీ స్త్రీ దేహం ప్రభుత్వ దస్త్రాల్లోకి ఎక్కింది ఒక పాలనా సమస్యగానే తప్ప, ఆరోగ్య సమస్యగా కాదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఆరోగ్య సమస్యగా చూసి ఉంటే వైద్యశాస్త్రానికి అప్పటికే కొంత తెలుసు. 1842లో రిగోని స్టెర్న్ అనే ఇటలీ వైద్యుడు వెరోనా నగర మరణాల లెక్కలు తిరగేసి, గర్భాశయ క్యాన్సర్ పెళ్లయిన స్త్రీలలో కనబడుతున్నది గానీ సన్యాసినులలో అరుదని గుర్తించాడు. లైంగిక సంపర్కంతో సోకేది ఏదో ఈ వ్యాధికి మూలమన్న అనుమానం అక్కడ మొదలై, తేలడానికి దాదాపు నూటనలభై ఏళ్లు పట్టింది. 1983లో జర్మనీలో హెరాల్డ్ జుర్ హాసెన్ బృందం క్యాన్సర్ కణాలలో హ్యూమన్ పాపిల్లోమా వైరస్ 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని వేరుచేసి చూపింది. 1951లో అమెరికాలో ఈ వ్యాధితోనే మరణించిన నల్లజాతి మహిళ హెన్రియెట్టా లాక్స్ కణాలు ఆమె అనుమతి లేకుండానే ప్రపంచ ప్రయోగశాలలన్నిటా పెరుగుతున్నాయి. వాటిలోనూ 18వ రకం వైరస్ జన్యువు బయటపడింది. జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. సమ్మతి అన్న ప్రశ్న ఈ వ్యాధి చరిత్రకు మొదటి నుంచీ అంటుకునే ఉన్నదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో క్యాన్సర్ కలిగించగలవి పన్నెండో పద్నాలుగో. తక్కినవి పులిపిర్లతో సరిపెట్టుకుంటాయి, లేదా ఏమీ చేయకుండా పోతాయి. ప్రపంచమంతటా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం 16, 18 రకాల పుణ్యమే. మిగిలిన వాటాను 31, 33, 45, 52, 58 వంటి రకాలు పంచుకుంటాయి. పేద దేశాల్లో రకాలు వేరుగా ఉంటాయేమో, సంపన్న దేశాల కోసం తయారైన టీకా ఇక్కడ పనికిరాదేమో అన్న సందేహం న్యాయమైనదే. దానికి సమాధానం తెలుగు నేల మీదే దొరికింది. ఆంధ్రప్రదేశ్ మహిళలపై 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో క్యాన్సర్ కణితుల్లో 16వ రకం వాటా మూడింట రెండు వంతులకు దగ్గరగా, 18వ రకం వాటా అయిదింట ఒక వంతుకు దగ్గరగా తేలింది. జబ్బు లేని సాధారణ గ్రామీణ మహిళలలో ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ప్రమాదకర రకాల వైరస్ ఉంది. అంటే వైరస్ మన దగ్గర కొత్త వేషం కట్టలేదు.

తేడా ఉన్నది వైరస్‌లో కాదు, వ్యవధిలో. ఈ వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠవేసిన కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అంత సుదీర్ఘమైన గడువు ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. ఆ గడువులో ఒక్కసారి పరీక్ష జరిగి, ముందస్తు మార్పులకు చిన్నపాటి చికిత్స అందితే స్త్రీ బతుకుతుంది. పశ్చిమ దేశాలు పాపనికొలావ్ కనిపెట్టిన స్మియర్ పరీక్షను ఊరూరా నడిపి, టీకా పుట్టకముందే ఈ మరణాలను బాగా తగ్గించుకున్నాయి. మన దేశంలో ఆ గడువు ఎవరూ తలుపు తట్టకుండానే గడిచిపోతుంది. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఈ వ్యాధితో మరణించినవారు సుమారు 3.5 లక్షలు. వారిలో దాదాపు 80 వేల మంది భారతీయులు.

ఈ నేపథ్యంలోనే 2009లో టీకా ఖమ్మం జిల్లాకు వచ్చింది.

అమెరికాలో సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాత్ అనే సంస్థ, గేట్స్ ఫౌండేషన్ నిధులతో నాలుగు దేశాలలో హెచ్‌పీవీ టీకా ప్రదర్శనా ప్రాజెక్టు తలపెట్టింది. భారతదేశంలో దానికి భాగస్వామి సాక్షాత్తూ భారత వైద్య పరిశోధన మండలి. ఒప్పందం 2007 ఫిబ్రవరిలో కుదిరింది. టీకాను దేశంలో అమ్మడానికి ఔషధ నియంత్రణ అధికారి అనుమతి లభించింది 2008లో. అనుమతి లేని మందు కోసం ప్రభుత్వ సంస్థ ముందే చేయి కలపడం ఏమిటని తరువాత పార్లమెంటు అడిగింది గానీ, ఆ రోజుల్లో అడిగినవారు లేరు. గుజరాత్‌లో వడోదర జిల్లాను, ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లాను ఎంచుకున్నారు. ఖమ్మంలో మెర్క్ కంపెనీ గార్డాసిల్, వడోదరలో గ్లాక్సో కంపెనీ సర్వారిక్స్. వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం రెండోసారి గద్దెనెక్కిన కొద్ది వారాలకే, 2009 జులైలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు మూడు విడతల సూది మొదలైంది. బాలికల సంఖ్య సుమారు 14 వేలు.

ఈ మూడు మండలాలలో భద్రాచలం ఆదివాసీ ప్రాంతం, కొత్తగూడెం బొగ్గు గనుల పట్టణం. భద్రాచలం నుంచి కుంట మీదుగా ఉత్తరానికి నడిస్తే సుక్మా, దంతెవాడ. ఆ కొండల మీదే కిరండూల్. ఇటు కోయలకు అటు బంధుత్వాలున్నాయి, భాష కలుస్తుంది. 2005 తరువాత సల్వాజుడుం మంటలకు తాళలేక బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు గుడిసెలు వేసుకున్నది కూడా ఈ ఖమ్మం అడవుల్లోనే. రాష్ట్ర సరిహద్దు అధికారులకే గానీ మలేరియాకూ ఆకలికీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దొరకడం కష్టమైన చోట, అంతవరకూ దేశంలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఉచితంగా దొరకని ఖరీదైన టీకా శీతల పెట్టెల్లో భద్రంగా గిరిజన బాలిక భుజం దాకా చేరింది. ఒక వ్యవస్థ తలచుకుంటే ఎంత దూరమైనా వెళ్లగలదనడానికి ఇదొక సాక్ష్యం. తలచుకోవడం ఎవరి చేతిలో ఉంది అన్నదే తగవు.

టీకా వేయించుకున్న బాలికలలో గణనీయమైన భాగం ప్రభుత్వ హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునేవారు. తల్లిదండ్రులు ఊళ్లలో ఉంటారు. సమ్మతి పత్రంపై సంతకం ఎవరు చేయాలి? ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఆ చిక్కు విప్పేసింది: హాస్టల్ పిల్లల తరఫున వార్డెనే సంతకం పెట్టవచ్చు. తరువాత విచారణలో పరిశీలనకు వచ్చిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 మీద వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేసిన తండ్రికి కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారో లేదో కాగితం చెప్పదు. కార్యక్రమంలో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పేరు వాడటంతో, ఇది పోలియో చుక్కల వంటి సర్కారీ టీకాయే అనుకోవడానికి అన్ని ఆస్కారాలూ కల్పించారు. వార్డెన్‌ను తప్పుపట్టడం తేలిక. పై నుంచి ఉత్తర్వు వచ్చాక కాదనగల వార్డెన్ ఏ జిల్లాలో ఉన్నాడు?

2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమా అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి వివరాలు సేకరించింది. టీకా తీసుకున్న వారిలో మరణాలు ఉన్నాయని, మరికొందరు బాలికలు కడుపునొప్పి, మూర్ఛ, తలనొప్పి వంటి బాధలు చెబుతున్నారని వెల్లడించింది. రాజ్యసభ సభ్యురాలు బృందా కారత్ ఈ విషయాన్ని కేంద్రం ముందు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రాజెక్టును నిలిపివేసింది. అప్పటికి రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయినట్టు లెక్క తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు.

కేంద్రం వేసిన విచారణ సంఘం 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉండే అవకాశం కనబడలేదు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలుగా నమోదయ్యాయి. ప్రపంచమంతటా ఆ తరువాత కోట్ల సంఖ్యలో వేసిన డోసుల అనుభవం కూడా ఈ నిర్ధారణనే బలపరుస్తుంది; ఈ విషయంలో శాస్త్రానికి సందేహం లేదు. అయితే ఆ కారణాల జాబితాను మరోసారి చదవాలి. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు పురుగుమందు తాగి, పాము కరిచి, మలేరియా ముదిరి చనిపోవడం ‘టీకాతో సంబంధం లేని’ విషయం కాబట్టి దస్త్రం మూసుకుంది. సంబంధం దేనితో ఉందని ఏ సంఘాన్నీ విచారించమనలేదు.

పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం మాత్రం అంత తేలికగా వదల్లేదు. 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో పాత్ సంస్థను, వైద్య పరిశోధన మండలిని, ఔషధ నియంత్రణ వ్యవస్థను ఒక్కచోట నిలబెట్టి కడిగేసింది. ఇది పరిశీలనాత్మక ప్రాజెక్టే గానీ క్లినికల్ ట్రయల్ కాదన్న వాదనను తోసిపుచ్చింది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఈ టీకాను చొప్పించి కంపెనీలకు ఏటేటా ఖాయమైన గిరాకీ సంపాదించిపెట్టడమే దీని వెనుక ఉద్దేశమని ఆక్షేపించింది. దుష్ఫలితాలను పట్టుకునే పటిష్ఠమైన ఏర్పాటే లేదని, మరణాల దర్యాప్తు నమ్మదగినట్టు సాగలేదని అభిప్రాయపడింది. పాత్ ఈ ఆరోపణలను ఖండించింది. అధికార, ప్రతిపక్షాలు రెండూ ఉండే స్థాయీ సంఘం ఒక విదేశీ సంస్థ గురించి, తన సొంత ప్రభుత్వ సంస్థ గురించి ఇంత ఘాటుగా రాయడం అరుదు. ఆ ఘాటులో కొంత అతిశయం ఉంది. ఉద్దేశాలను నిరూపించడం కంటే ఆపాదించడం సులువు. కానీ సమ్మతి పత్రాల లెక్కలో అతిశయం లేదు.

విషయం సుప్రీంకోర్టుకు చేరి విచిత్రమైన మలుపు తిరిగింది. కల్పనా మెహతా తదితరులు వేసిన వ్యాజ్యంలో పిటిషనర్లు ఈ 72వ నివేదికను ఆధారంగా చూపగా, పార్లమెంటరీ సంఘం నివేదికను కోర్టులో ఆధారంగా వాడవచ్చా అని కంపెనీలు అభ్యంతరం లేవనెత్తాయి. అది సభాహక్కుల ప్రశ్న అయి రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2018 మే 9న ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు: నివేదికను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చు, దాని చెల్లుబాటును మాత్రం ప్రశ్నించరాదు. రాజ్యాంగ న్యాయ విద్యార్థులు నేడు ఈ కేసును అధికార విభజన పాఠంగా చదువుతారు. ఆ పాఠానికి మూలం ఖమ్మం హాస్టళ్లలో ఉందన్న సంగతి పాదసూచికలో మిగిలింది.

ఈ చరిత్రలో అందరూ మరచిన మరో పాయ ఉంది. ఖమ్మం ప్రాజెక్టుతో ఏ సంబంధమూ లేకుండా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లోనే దేశంలోని అనేక కేంద్రాలలో వేరొక పరిశోధన ప్రారంభించింది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అన్నది దాని ప్రశ్న. ఖమ్మం దుమారంతో 2010 ఏప్రిల్‌లో దేశమంతటా ఈ టీకా పరిశోధనలు ఆగిపోవడంతో దాదాపు అయిదు వేల మంది బాలికలు ఒక్క డోసు దగ్గరే నిలిచిపోయారు. పరిశోధకులు వారిని వదలకుండా ఏళ్ల తరబడి గమనించారు. 2021లో వెలువడిన పదేళ్ల ఫలితాలలో ఒక్క డోసు తీసుకున్నవారికి 16, 18 రకాల దీర్ఘకాలిక సోకుడు నుంచి దొరికిన రక్షణ 95 శాతం దాకా ఉంది. మూడు డోసులవారితో పోలిస్తే తేడా దాదాపు లేదు. ఆఫ్రికాలో జరిగిన పరిశోధనలతో పాటు ఈ భారతీయ ఫలితాన్నీ చూసి, ఒక్క డోసు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. పేద దేశాలకు టీకా ఖర్చు, శ్రమ ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఎవరూ కోరుకోని అంతరాయం నుంచి వచ్చిన ఈ లాభాన్ని ఎవరి ఖాతాలో వేయాలో చెప్పడం కష్టం. ప్రాజెక్టును సమర్థించినవారూ దీన్ని తమదిగా చెప్పుకోలేరు, ఆపించినవారూ చెప్పుకోలేరు.

ఆపించిన తరువాత ఏమైంది? భారత ప్రభుత్వం దశాబ్దానికి పైగా ఈ టీకా ఊసెత్తడానికే జంకింది. పంజాబ్‌లో రెండు జిల్లాలు, 2018లో సిక్కిం తమంతట తాము ముందుకు వెళ్లాయి. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన స్వదేశీ టీకా సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని నిర్మలా సీతారామన్ చెప్పారు. 2009లో భద్రాచలం హాస్టల్లో పద్నాలుగేళ్లున్న అమ్మాయికి ఆ ప్రసంగం నాటికి ఇరవై తొమ్మిదేళ్లు.

పెద్ద వైఫల్యం మరోచోట ఉంది, అది టీకాకు ముందుదీ, తరువాతిదీ కూడా. టీకా అప్పటికే సోకిన వైరస్‌ను తొలగించలేదు. కాబట్టి 2009లో కూతురి భుజానికి సూది వేసినప్పుడు ఆమె తల్లికి, పిన్నికి కావలసింది టీకా కాదు, పరీక్ష. అది మన దేశంలోనే రుజువైన మార్గం. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు నీళ్లు కలిపిన ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వంటింటి వెనిగర్ లాంటిదాన్నే, గర్భాశయ ముఖద్వారంపై పూసి తెల్లని మచ్చలు కనిపెట్టే పరీక్షతో మరణాలను సుమారు మూడోవంతు తగ్గించగలిగారు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసి చూపింది కూడా ఇలాంటిదే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మంది మహిళలపై జరిపిన పరిశోధనలో జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లోనే తేలింది. ఖమ్మంలో సూదులు మొదలైన ఏడాదే. ఈ పరిశోధనలు కూడా మచ్చలేనివి కావు. ఫలితం పోల్చి చూడటానికి వేలాది పేద మహిళలను పరీక్ష లేకుండా వదిలేయడం ఏమి నీతి అన్న విమర్శ వాటిపై ఉంది. అంతకు ముందు 1970లలో ఢిల్లీలో వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోనే, గర్భాశయ ముఖద్వారంలో ముందస్తు మార్పులున్న వెయ్యిమందికి పైగా మహిళలను, జబ్బు ఎలా ముదురుతుందో చూడటానికి చికిత్స లేకుండా గమనించిన ఉదంతం 1997లో బయటపడింది. ఇంత మూల్యం చెల్లించి సంపాదించిన జ్ఞానంతో ప్రభుత్వాలు చేసినది చూడండి: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

టీకాను వ్యతిరేకించిన పక్షాలలో చాలామంది ‘టీకా కాదు, పరీక్షలు కావాలి’ అన్నారు. సబబైన మాట. టీకా ఆగింది, పరీక్షల కోసం మాత్రం ఏ కలెక్టరేటు ముందూ ఆ స్థాయి ధర్నా జరగలేదు. ఈ బాకీ ఉద్యమాల పద్దులో ఉంది, ప్రభుత్వాల పద్దులో ఒక్కదానిలోనే కాదు.

ఛత్తీస్‌గఢ్ వైపు చూస్తే అపనమ్మకానికి మరో కారణం ఉంది. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ జిల్లాలోని ఒక శిబిరంలో ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. ఆ శిబిరాల నుంచి ఇళ్లకు వెళ్లిన మహిళలలో పదిమందికి పైగా రోజుల వ్యవధిలో చనిపోయారు. గ్రామీణ, ఆదివాసీ స్త్రీ కటి భాగాన్ని రాజ్యం తాకేది టార్గెట్లు నింపుకోవడానికేనన్న అనుభవం ఉన్నచోట, అదే శాఖ మనిషి వచ్చి ‘ఒక్కసారి పరీక్షకు రా తల్లీ’ అంటే ఆమె ఎందుకు నమ్మాలి? బస్తర్‌లో ఇంకో పొర కూడా ఉంది. రోడ్డు వస్తే దాని వెంట క్యాంపు వస్తుంది. సర్కారు వాహనం అంటే ముందుగా తుపాకీ గుర్తుకొస్తుంది. ఆ దారిలోనే ఆరోగ్య కార్యకర్త నడవాలి.

కిరండూల్‌లో గని సంస్థ ఆసుపత్రి ఉంది. శాశ్వత ఉద్యోగి భార్యకు పరీక్ష కావాలంటే దారి దొరుకుతుంది, అక్కడ కాకుంటే విశాఖకు రెఫరల్ దొరుకుతుంది. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఇప్పుడు విశాఖలో అగనంపూడి దగ్గరే ఉంది. ఠేకా కూలీ భార్యకు, కొండ దిగువ పల్లెలో మహువా ఏరుకునే స్త్రీకి ఆ రెఫరల్ కాగితం ఉండదు. ఆమె రక్తస్రావాన్ని నెలల తరబడి దాచుకొని, నొప్పి తట్టుకోలేని దశలో రైలెక్కుతుంది. అప్పటికి వైద్యులు చేయగలిగింది రేడియేషన్, దానికి వారాల తరబడి ఊరుకాని ఊళ్లో ఉండాలి, తోడు ఒక మనిషి కూలి మానుకోవాలి. సగంలో తిరిగి వెళ్లిపోయేవారు అక్కడే తయారవుతారు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిర్మూలించే దారిలో 2030 నాటికి చేరాల్సిన మజిలీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించింది: నూటికి 90 మంది బాలికలకు టీకా, 70 మంది మహిళలకు నాణ్యమైన పరీక్ష, జబ్బు కనబడిన వారిలో 90 మందికి చికిత్స. మూడు అంకెలలో మొదటిదానికి సీసా కొంటే సగం పని అయినట్టే. మధ్యనున్న 70కి నర్సు కావాలి, తలుపున్న గది కావాలి, ఆమె భాషలో ఆమెను అడిగే మనిషి కావాలి. దంతెవాడ పల్లెల్లో ఆ భాష గోండి, హల్బీ. కిరండూల్ కార్మిక వాడల్లో తెలుగు కూడా. సమ్మతి పత్రం ఏ భాషలో అచ్చవుతుందో, ఆశ్రమ పాఠశాలలో చదివే అమ్మాయి తరఫున ఈసారి దాని కింద ఎవరు సంతకం చేస్తారో అడిగి తెలుసుకోవలసిన పని రాయపూర్ శాసనసభ్యులకు ఉంది, భద్రాచలం, పాడేరు శాసనసభ్యులకు కూడా ఉంది.